ఇసుకంత జీవికి నాలుగు ఇంటిపేర్లు

మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాన్ ఆపేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కానీ ఫొరామినిఫెరాలు అనే బుల్లి సముద్రజీవుల గుల్లలను ఏరేటప్పుడు ఫ్యాన్ వేశామా, ఇక అంతే సంగతులు. అర మిల్లీమీటరు ఉండీ లేని గుల్లలు పళ్ళెంలోంచి లేచిపోతే మళ్ళీ దొరకవు. మొన్న ఎండాకాలం హబ్సిగూడలో మా డైనింగ్ టేబుల్ మీద పాత మైక్రోస్కోపు పెట్టుకుని నేనూ, మా తమ్ముడి కూతురూ అలా చెమటలు కక్కుతూ రెండు గంటలు కూర్చున్నాం. కాకినాడ దగ్గర ఒక ఉప్పుటేరు ఒడ్డున తీసి, హార్లిక్స్ సీసాలో పోసుకొచ్చిన బురద అది. సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, నల్లటి పళ్ళెంలో చల్లితే చిటికెడు పొడి మిగిలింది.

ఆ పిల్ల ఇంటర్ బైపీసీ. తడి చేసిన కుంచె కొసకు మొదటి గుల్లను అంటించి పక్కకు తీసి, కళ్ళు చికిలించి చూసి, "పెదనాన్నా, బుల్లి జిలేబీ!" అంది. తిరగేయమన్నాను. తిరగేసి, "ఇది వేరేది కదా?" అంది. వేరేది కాదు, అదే. ఒకవైపు చుట్లన్నీ కనిపిస్తాయి. నడుమ చుక్కంత తొలి గది, దాని చుట్టూ మెలి తిరుగుతూ ఒకదాని కంటే ఒకటి పెద్దవయ్యే గదులు. రెండోవైపు చివరి చుట్టులోని ఏడెనిమిది గదులే కనిపిస్తాయి, మధ్యలో చిన్న గుంట. గుల్ల ఒకటే, ముఖాలు రెండు.

"దీని పేరేంటి?"

"అమోనియా."

నవ్వింది. "అది గ్యాస్ కదా పెదనాన్నా!"

పేరు అమోనియానే. కాకపోతే అది ఇంటిపేరు. అసలు పేరు చెప్పమంటే నాకు నోరు పెగల్లేదు. ముప్పయ్యేళ్ళ కిందట ఎమ్మెస్సీ జియాలజీ ప్రాజెక్టులో ఇలాంటి గుల్లలు నాలుగొందల పైచిలుకు ఏరి, అన్నిటికీ కలిపి ఒకటే పేరు రాశాను: అమోనియా బెకారీ. మార్కులు పడ్డాయి. ఎవరూ ఏమీ అడగలేదు. తూర్పు తీరం మీద ప్రాజెక్టు చేసినవాళ్ళందరం అదే రాసేవాళ్ళం. ఆ నాలుగొందల్లో నిజమైన బెకారీ ఒక్కటైనా ఉందా అంటే ఇప్పుడు నాకు అనుమానమే.

ఒక్క పేరు కింద అన్ని గుల్లలు ఎలా చేరాయో తెలియాలంటే దాదాపు మూడు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఆమన్ కొమ్ము

పూజలో శాలిగ్రామం ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ మెలిక ఆకారం కొత్త కాదు. గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతిలోని చక్రం అమ్మొనైట్ అనే సముద్రజీవి శిలాజం. ఆ జీవులు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట రాక్షసబల్లులతో పాటే పోయాయి. మనవాళ్ళు ఆ మెలికలో విష్ణుచక్రాన్ని చూశారు. యూరప్ వాళ్ళకు అదే మెలిక ఈజిప్టు దేవుడు ఆమన్ తల మీది పొట్టేలు కొమ్ములా కనిపించింది, "ఆమన్ కొమ్ము" అన్నారు.

1731లో ఇటలీలోని బొలోన్యాలో జాకొపో బెకారీ అనే వైద్యుడు తన ఊరి దగ్గరి ఇసుకను అద్దం కింద పెట్టి చూస్తే, అందులో కంటికి ఆనని ఆమన్ కొమ్ములు బోలెడు కనిపించాయి. 1739లో రిమినీకి చెందిన ఇంకో వైద్యుడు, జొవాన్ని బియాంకీ, తమ ఊరి సముద్రపు ఒడ్డున కూడా అలాంటివే ఉన్నాయని బొమ్మలు వేసి అచ్చేయించాడు. ఒక్క ఔన్సు ఇసుకలో ఆరు వేల గుల్లలు లెక్కపెట్టాడని ఆయనకు పేరు. ఔన్సంటే ముప్పై గ్రాములు కూడా కాదు. వైద్యులకు అంత తీరిక ఎక్కడిదో మరి!

1758లో లిన్నేయస్ జీవులన్నిటికీ రెండు మాటల పేర్లు పెట్టేటప్పుడు బియాంకీ బొమ్మను ఆధారం చేసుకుని, బెకారీ మీది గౌరవంతో దీనికి "నాటిలస్ బెకారీ" అని పేరు పెట్టాడు. నాటిలస్ అంటే ఆక్టోపస్‌కు దూరపు చుట్టమైన, గదుల గుల్ల ఉన్న సముద్రజీవి. గదులు గదులుగా ఉంది కాబట్టి ఇదీ ఆ బాపతే అనుకున్నాడు. 1770ల మొదట్లో డెన్మార్క్‌కు చెందిన బ్రూనిక్ పాత "ఆమన్ కొమ్ము"ను గుర్తు చేసుకుని "అమోనియా" అనే ప్రజాతిని, అంటే కొత్త ఇంటిపేరును, ఏర్పాటు చేశాడు.

ఇక గ్యాస్ సంగతి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు నవాసారం చల్లడం మా తరం వాళ్ళు చూసే ఉంటారు. ఆ ఉప్పు ఆమన్ గుడి ఉన్న ప్రాంతంలో దొరికేదని యూరప్‌లో దానికి ఆ దేవుడి పేరే తగిలించారు. ఆ ఉప్పు నుంచి వచ్చే వాయువుకు "అమోనియా" అన్న పేరు స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు బెర్గ్‌మన్ 1782లో పెట్టాడు. అంటే పేరులో మన గుల్లే సీనియర్. ఈ మాట చెప్తే మా పిల్ల రెండు నిమిషాలు నమ్మలేదు.

ఇంటిపేరు మారినా పేరు మారలేదు

జీవశాస్త్రంలో పేర్ల పద్ధతి మన తెలుగువాళ్ళకు వేరే నేర్పక్కర్లేదు. ముందు ఇంటిపేరు, తరవాత పెట్టిన పేరు. ఇంటిపేరు ప్రజాతి, పెట్టిన పేరు జాతి. తేడా ఎక్కడంటే, ఇక్కడ దత్తతలు చాలా ఎక్కువ. చుట్టరికం వేరని తేలినప్పుడల్లా జీవి ఇంకో ఇంటికి వెళ్తుంది, ఇంటిపేరు మారుతుంది, పెట్టిన పేరు వెంట వస్తుంది. దత్తత జరిగిందని తెలియడానికి ఒక గుర్తు ఉంది. మొదట పేరు పెట్టినవాడి పేరునూ, ఏడాదినీ బ్రాకెట్లో పెడతారు. అమోనియా బెకారీ పక్కన లిన్నేయస్, 1758 అని బ్రాకెట్లో కనిపిస్తే, "పేరు పెట్టింది ఆయనే, ఈ ఇంట్లో కాదు" అని అర్థం.

బెకారీ దత్తతలు చిన్నవి కావు. నాటిలస్ ఇంట్లో పుట్టింది. 1804లో లామార్క్ ఏర్పాటు చేసిన రోటాలియా ఇంటికి తర్వాత చేరి, చాలాకాలం రోటాలియా బెకారీగా ఉంది. మధ్యలో స్ట్రెబ్లస్ అనే ఇంకో ఇంటిపేరు వచ్చింది. 1950ల నాటి వ్యాసాల్లో స్ట్రెబ్లస్ బెకారీయే ఎక్కువ కనిపిస్తుంది. స్ట్రెబ్లస్ పేరు పెట్టింది 1817లో, అమోనియా దానికంటే ముందుది. ముందు పెట్టిన పేరుకే హక్కు అనేది ఈ రంగంలో శాసనం లాంటిది. దాంతో స్ట్రెబ్లస్ పోయి, అటక మీద పడి ఉన్న అమోనియా కిందికి దిగింది. అదే శాసనం ప్రకారం 1758కి ముందు పెట్టిన పేర్లు చెల్లవు. పాపం బెకారీ, బియాంకీ ఇద్దరూ కష్టపడి చూసిందంతా లిన్నేయస్ ఖాతాలో పడింది.

ఈ దత్తతల మధ్యలోనే అసలు పెద్ద పొరపాటు కూడా బయటపడింది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్సీడ్ డోర్బిన్యీ 1826లో వీటన్నిటినీ ఒక గుంపుగా చేర్చాడు. నాటిలస్ గదుల గోడల్లోంచి ఒక గొట్టం పోతుంది. వీటిలో గొట్టం లేదు, గోడకు బెజ్జం ఉంటుంది, అంతే. లాటిన్‌లో బెజ్జాన్ని ఫొరామెన్ అంటారు. ఫొరామినిఫెరా అంటే బెజ్జాలవి అన్నమాట. గొట్టానికీ బెజ్జానికీ తేడా పట్టినవాడు కూడా వీటిని ఆక్టోపస్ చుట్టాల్లోనే ఉంచాడు! 1835లో ఫెలిక్స్ డుజార్డిన్ బతికున్నవాటిని నీళ్ళలో గమనించి, లోపల కాళ్ళూ లేవు, కళ్ళూ లేవు, పేగూ లేదు, ఉన్నదంతా బంక లాంటి జీవపదార్థమేనని తేల్చేశాడు. డోర్బిన్యీ కూడా తర్వాత ఒప్పుకున్నాడు.

జంతువు కాదని తేలింది. అయినా నేటికీ వీటి పేర్లు జంతువుల నామకరణ నియమావళి కిందే నడుస్తున్నాయి. కొన్ని అలవాట్లు అలా ఉండిపోతాయి.

ఇల్లు చూసి మనిషిని పోల్చుకోవడం

ఒక్క కణం. అదే తిండి తింటుంది, అదే కదులుతుంది, అదే ఇల్లు కడుతుంది. గుల్లలోని సన్న బెజ్జాల్లోంచీ, వాకిట్లోంచీ జీవపదార్థాన్ని దారాలుగా బయటికి చాపి, వల అల్లి, చిక్కిన నాచునూ బాక్టీరియానూ లోపలికి లాక్కుంటుంది. పెరిగే కొద్దీ ఉన్న ఇంటికి ఇంకో గది తగిలిస్తుంది. ఆ గది కట్టే పనిని గమనించడానికి పరిశోధకులు తరచుగా ఎంచుకునేది అమోనియానే, ఎందుకంటే ఉప్పగా ఉన్నా, చప్పబడినా, వేడెక్కినా ఓర్చుకుంటుంది, ప్రయోగశాల గిన్నెలో బతుకుతుంది. జపాన్, నెదర్లాండ్స్ పరిశోధకులు 2009లో చూసిందేమిటంటే, గది కట్టేచోట ఇది తన కణంలోని పీహెచ్‌ను 9 దాటిస్తుంది. అంత క్షారంగా ఉంటేనే సున్నం చకచకా గట్టిపడుతుంది. అందుకు ప్రోటాన్లను బయటికి తోడేస్తుందని, ఆ సమయంలో గుల్ల చుట్టూ నీళ్ళు ఆమ్లంగా మారతాయని 2017లో రుజువైంది. మన మేస్త్రీ సున్నం కలిపేటప్పుడు ఇంత లెక్క వేసుకోడు.

పేర్ల చిక్కంతా ఈ ఇంటి దగ్గరే ఉంది. పరిశోధకుడి చేతికి సాధారణంగా దొరికేది కణం కాదు, కణం వదిలేసిన గుల్ల. ఖాళీ ఇల్లు చూసి, అందులో ఎవరున్నారో చెప్పాలి.

మా వీధిలో ఒకే బిల్డరు కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఒకటే గేటు, ఒకటే రంగు, ఒకటే గ్రిల్. లోపల ఉన్నది నలభై కుటుంబాలు. బయటి నుంచి చూసినవాడు నలభై కుటుంబాలనూ ఒకటే అనుకోవచ్చు. ఇంకో రకం పొరపాటూ ఉంది. మా కుటుంబమే కాకినాడలో పెంకుటింట్లో ఉండేది, ఇక్కడ ఫ్లాట్‌లో ఉంటోంది. రెండు ఇళ్ళనూ చూసినవాడు రెండు వేర్వేరు కుటుంబాలు అనుకోవచ్చు. అమోనియా విషయంలో ఈ రెండు పొరపాట్లూ జరిగాయి, అదీ ఎవరు ఏ పొరపాటు చేశారో తేలనంతగా కలగలిసి.

పైగా ఈ జీవులకు రెండు రకాల తరాలు ఉంటాయి. ఒక తరం రెండు బీజకణాల కలయికతో పుడుతుంది. ఇంకో తరం తల్లి తన ఒంటినంతా ముక్కలు చేసి పిల్లలుగా పంచేస్తే పుడుతుంది. తల్లికి మిగిలేది ఖాళీ గుల్లే. మొదటి తరం గుల్లలో తొలి గది చాలా చిన్నది, రెండో తరంలో పెద్దది. నమ్ములైట్లు అనే పెద్ద ఫొరామ్‌లలో (ఫొరామినిఫెరాలనే పొట్టిగా ఫొరామ్‌లు అంటారు) ఈ తేడా తెలియక, తల్లికో పేరు, పిల్లకో పేరు పెట్టేశారు. ఆ ముడి విడిపోయింది 19వ శతాబ్దం చివర్లో.

కలిపేవాళ్ళు, విడదీసేవాళ్ళు

వర్గీకరణ చేసేవాళ్ళలో ఎప్పుడూ రెండు పార్టీలు. ఒకరు కలిపేవాళ్ళు, ఒకరు విడదీసేవాళ్ళు. ఇంగ్లండ్‌లో విలియం కార్పెంటర్ 1862లో, ఫొరామ్‌లలో జాతుల మధ్య గట్టి గీతలు గీయడం కుదరదని, రూపాలు ఒకదానిలోంచి ఒకటి జారుతూ పోతాయని వాదించాడు. సముద్ర పరిశోధనకు వెళ్ళిన ఛాలెంజర్ ఓడ తెచ్చిన నమూనాల మీద హెన్రీ బ్రేడీ 1884లో వేసిన బ్రహ్మాండమైన గ్రంథం కూడా ఆ గాలిలోనే వచ్చింది. ఒక్క పేరు కింద బోలెడన్ని రూపాలు పట్టేవి.

20వ శతాబ్దంలో చమురు కంపెనీలు రంగంలోకి దిగాయి. బావి తవ్వితే పైకి వచ్చేది రాతి పొట్టు. ఆ పొట్టులో రాక్షసబల్లి ఎముక చూర్ణమైపోతుంది గానీ, అర మిల్లీమీటరు గుల్లకు దెబ్బ తగలదు. గుల్లను బట్టి ఏ కాలం నాటి పొరో చెప్పవచ్చు, మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనూ పని అలాగే జరుగుతుంది. పొరల్ని సన్నగా విడదీయాలంటే పేర్లనూ సన్నగా విడదీయాలి. అమెరికాలో జోసెఫ్ కుష్‌మన్ ఆ పని చేతులారా చేశాడు. 1926లో ప్యూర్టో రికోలోని శాన్ వాన్ రేవు నుంచి వచ్చిన చిన్న, నున్నటి రకానికి బెకారీలో ఒక భేదంగా "టెపిడా" అని పేరు పెట్టింది ఆయనే. అంతకు ముందే, 1839లో, క్యూబా ఇసుక నుంచి డోర్బిన్యీ "పార్కిన్సోనియానా" అనే ఇంకో రకాన్ని వర్ణించాడు. అలా పేర్లు పుట్టలు పెట్టాయి.

1974లో డెట్మర్ ష్నిట్కర్ ఒకే తల్లి సంతానాన్ని ప్రయోగశాలలో పెంచి చూస్తే, వేర్వేరు రకాలుగా చెలామణీ అవుతున్న రూపాలు వాటిలోనే కనిపించాయి. కలిపేవాళ్ళకు పండగ. ఇన్ని పేర్లు ఎందుకు, నీళ్ళను బట్టి ఇల్లు మారుతోంది, కాపురం ఉన్నది ఒక్కడే అన్నారు. 1990లో వాల్టన్, స్లోన్ ప్రపంచమంతా కలిపి ఒకే జాతి, దానికి బెకారీ, టెపిడా, పార్కిన్సోనియానా అని మూడు రూపాలు అని తీర్మానించారు.

మా మాస్టారు ఆ పార్టీ మనిషి. "అనుమానం వచ్చిందా, కలిపేయ్" అనేవారు. నాకూ అది హాయిగా ఉండేది, అబద్ధం ఎందుకు. నాలుగొందల గుల్లలకు ఒక్క పేరు రాయడానికి పది నిమిషాలు చాలు.

రాయి చదివేవాళ్ళు, జన్యువు చదివేవాళ్ళు

ఉప్పల్ రోడ్డులో మా ఇంటికి దగ్గర్లో రెండు పెద్ద సంస్థలు ఇరుగుపొరుగున ఉన్నాయి. ఒకటి నేలనూ రాళ్ళనూ పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ, ఇంకొకటి కణాలనూ జన్యువులనూ పరిశోధించే సీసీఎంబీ. బస్సులో ఆ గోడల పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా అమోనియా గుర్తొస్తుంది. ఇన్నాళ్ళూ రాయి చదివేవాళ్ళ చేతిలో ఉన్న జీవి, 1990ల్లో జన్యువు చదివేవాళ్ళ చేతికి వెళ్ళింది.

జెనీవాలో యాన్ పవ్లోవ్‌స్కీ బృందం 1995లో వేసిన ప్రశ్న సూటిగా ఉంది: అమోనియా బెకారీ అంటున్నది ఒకటా, ఎక్కువా? ఒకటి కంటే ఎక్కువే అని జన్యువులు చెప్పాయి. ఆ పని చెప్పినంత సులువేమీ కాదు. ఇవి నాచు తింటాయి కాబట్టి, గుల్లను నలిపి డీఎన్‌ఏ తీస్తే దాని తిండి డీఎన్‌ఏ కూడా కలిసి వస్తుంది. పరీక్షకు వాడే రైబోసోమ్ జన్యువుకు కణంలో ఎన్నో నకళ్ళు ఉంటాయి, ఒక్క అమోనియా కణంలోనే ఆ నకళ్ళ మధ్య చిన్న చిన్న తేడాలు ఉన్నాయని మరియా హోల్జ్‌మన్, పవ్లోవ్‌స్కీ 1996లో గమనించారు. ఏ తేడా ఇంట్లోది, ఏ తేడా ఇళ్ళ మధ్యది అని ముందు తేల్చుకోవాల్సి వచ్చింది.

2004లో న్యూజిలాండ్‌కు చెందిన బ్రూస్ హేవర్డ్ వీళ్ళతో కలిసి పెద్ద వ్యాసం ప్రచురించాడు. పలు దేశాల తీరాల నుంచి తెచ్చిన అమోనియాలు జన్యుపరంగా 13 గుంపులుగా విడిపోయాయి. వెంటనే పేర్లు పెట్టకుండా టీ1 నుంచి టీ13 దాకా అంకెలు వేశారు. ప్రపంచంలో అందరూ తప్పుగా గుర్తించే ఫొరామ్‌లలో దీనిదే మొదటి స్థానం అని శీర్షికలోనే అనేశారు. నా ప్రాజెక్టు గుర్తొచ్చి ముఖం చిన్నబోయింది.

అయితే ఆ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చింది జన్యువుల భాగం కాదు. జన్యువులను బట్టి గుంపులు కట్టాక, అవే గుల్లల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలను మళ్ళీ కొలిచారు. తేడాలు గుల్ల మీద ముందు నుంచీ ఉన్నాయి! గదుల సంఖ్య, మొత్తం ఆకారం లాంటి పెద్ద లక్షణాలు గుంపుల మధ్య కలిసిపోతున్నాయి గానీ, గదుల అతుకుల దగ్గర గాడి ఎంత లోతు, నడుమ బొడ్డు లాంటి గుంట దగ్గర పూసలు ఉన్నాయా, గోడలో బెజ్జాలు ఎంత వెడల్పు అన్నవి పట్టిస్తున్నాయి. మేమంతా గేటూ రంగూ చూస్తూ కూర్చున్నాం. చూడాల్సింది బాల్కనీలో ఆరేసిన బట్టలన్నమాట.

యూరప్ తీరాల్లో ఎక్కువగా దొరికే మూడు రకాల సంగతే చూడండి. 2019లో ఫ్రాన్స్ పరిశోధకులు వాటిని విడదీయడానికి రెండే గుర్తులు చాలన్నారు. బెజ్జాలు పెద్దవైతే టీ6. బెజ్జాలు చిన్నవైతే, చుట్ల వైపు అతుకులు ఉబ్బెత్తుగా ఉన్నాయా, చదునుగా ఉన్నాయా చూడాలి. ఉబ్బెత్తుగా ఉంటే టీ1, చదునుగా ఉంటే టీ2. మా ఇంట్లోని మైక్రోస్కోపులో బెజ్జాలు కనిపించవు, అందుకే నాకు ఎంత కుతూహలం ఉన్నా ఇంట్లో తేలే వ్యవహారం కాదది.

టీ6 కథ వేరే ఉంది. దాని దగ్గరి చుట్టాలు తూర్పు ఆసియా తీరంలో ఉన్నాయి. ఓడలు తూకం కోసం నింపుకునే నీళ్ళతో యూరప్ రేవులకు చేరి ఉంటుందని అనుమానం. మన చెరువుల్లో గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఎలా కమ్ముకుందో కళ్ళారా చూశాం. ఈ జీవి కమ్ముకుంటున్నా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే పాత కాపురస్థుణ్ణీ కొత్తగా దిగినవాణ్ణీ ఒకే పేరుతో పిలుస్తున్నారు. లెక్కల పుస్తకంలో ఇద్దరూ బెకారీ, లేకపోతే టెపిడా.

మరి అసలు బెకారీ ఎవరు? పేరు ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్ళాలి. రిమినీ దగ్గర, ఏడ్రియాటిక్ సముద్రంలో, గాడులూ పూసలూ ఉన్న పెద్ద గుల్ల ఇప్పటికీ దొరుకుతుంది. అదే బెకారీ. ఉప్పుటేటి బురదలో ఉండే నున్నటి బుల్లి జిలేబీకి ఆ పేరు చెల్లదు. టెపిడా కూడా ఇంకో గంపే అయింది. చిన్నగా, నున్నగా ఉన్న ప్రతిదాన్నీ అందులో పడేశారు, దాని అసలు ఊరు ప్యూర్టో రికో అన్నది మర్చిపోయి. 2021లో హేవర్డ్ బృందం ప్రపంచవ్యాప్తంగా బతికున్న అమోనియాలన్నిటినీ మళ్ళీ వరసపెట్టి, పాత పుస్తకాల్లో దుమ్ము పట్టిన పేర్లను వెతికి జన్యు గుంపులకు అతికించింది. టీ1కి 1854లో వెనిస్ నుంచి వర్ణించిన వెనెటా, టీ2కి 1973లో వేల్స్ నుంచి వర్ణించిన అబర్‌డవియెన్సిస్, టీ6కి 1978లో చైనా నుంచి వర్ణించిన కన్ఫర్టిటెస్టా. కొత్త పేరు పెట్టే ముందు పాతది ఉందేమో చూడాలన్న శాసనం ఇక్కడా పనిచేసింది.

పై మెట్ల మీద ఇంత గొడవ లేదు. అమోనియా ఇప్పుడు రోటాలియా కుటుంబంలోంచి విడిపోయి తన పేరుతోనే ఉన్న అమోనియిడే కుటుంబంలో ఉంది, దాని పైన రోటాలిడా క్రమం, ఆ పైన గ్లోబోథాలమియా అనే తరగతి. ఈ తరగతి 2013లో జన్యువుల ఆధారంగా వచ్చింది. అంతకు ముందు లోబ్లిక్, టాపన్ దంపతులు 1987లో పూర్తి చేసిన మహా వర్గీకరణలో గోడ దేనితో కట్టిందన్నదే ముఖ్యం. జన్యువులు ఆ గోడను కూడా దాటాయి. ఇసుక రేణువులు అతికించి ఇల్లు కట్టే చాలా రకాలు, సున్నంతో కట్టే అమోనియాకు దగ్గరి చుట్టాలేనని తేలి, అందరూ ఒకే తరగతిలోకి వచ్చారు.

హైదరాబాద్‌కు ఎందుకు ఈ గోల

మాకు సముద్రం లేదు. కాళ్ళ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, అందులో గుల్ల కాదు కదా దాని వాసన కూడా ఉండదు. అయినా హిందూ మహాసముద్రంలో ఎక్కడ భూమి కంపించినా, సునామీ వస్తుందో రాదో ముందు లెక్క కట్టే కేంద్రాల్లో ఒకటి 2007 నుంచి ఈ ఊళ్ళోనే, ప్రగతి నగర్ దగ్గర ఇన్‌కాయిస్‌లో పనిచేస్తోంది. రాబోయే సునామీని సెన్సర్లు చెప్తాయి. వెయ్యేళ్ళ కిందట వచ్చినదాని గురించి చెప్పేవి గుల్లలు. తీరానికి లోపలగా తవ్విన గుంతలో, బురద పొరల మధ్య ఒక ఇసుక పొర తగిలి, అందులో లోతు నీళ్ళ ఫొరామ్‌లు ఉంటే, ఆ ఇసుకను సముద్రం మోసుకొచ్చిందని అర్థం. ఉప్పుటేటి అమోనియా ఉంటే అర్థం వేరు. అంటే పేరు తప్పితే కథ తప్పుతుంది.

కాలుష్యం లెక్కల్లోనూ అంతే. అమోనియాకూ, ఎల్ఫిడియం అనే ఇంకో ఫొరామ్‌కూ ఉన్న నిష్పత్తిని బట్టి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిందో లేదో అంచనా వేసే పద్ధతి 1996లో అమెరికాలోని లూయిసియానా తీరం నుంచి వచ్చింది. ఊపిరాడని బురదలో ఎల్ఫిడియం తగ్గుతుంది, అమోనియా నిలదొక్కుకుంటుంది. ఈ లెక్క ప్రజాతి మీద నడుస్తుంది కాబట్టి జాతి పేరు తప్పినా కొంత గట్టెక్కుతుంది. గుల్లలోని మెగ్నీషియం, ఆక్సిజన్ ఐసోటోపులు కొలిచి పాత సముద్రాల వేడినీ ఉప్పునూ లెక్కగట్టేటప్పుడు ఆ సౌకర్యం ఉండదు. ఒక్కో జాతి సున్నంలోకి మెగ్నీషియాన్ని ఒక్కోలా తీసుకుంటుంది. రెండు జాతుల గుల్లలు ఒకే సీసాలో కలిసిపోతే, మిషన్ ఎంత ఖరీదైనదైనా వచ్చే అంకె రెండింటిదీ కాదు.

చిలకా, పులికాట్, కాకినాడ తీరం, ఏ జాబితా తీసినా బెకారీ, టెపిడా అన్న పేర్లు కనిపిస్తాయి. ఆ జాబితాలను పారేయాలని నేననను. ఎండలో, మోకాలి లోతు బురదలో తీసిన నమూనాలవి. ఎక్కడ, ఎంత లోతులో, ఎన్ని గుల్లలు అన్న లెక్కలు ఇప్పటికీ పనికొస్తాయి. పేరు దగ్గర మాత్రం, చదివేటప్పుడు మనసులో ఒక ప్రశ్నార్థకం పెట్టుకోవాలి. నమూనా దాచిపెట్టి ఉంటే మళ్ళీ తీసి చూడొచ్చు. నావైతే హాస్టల్ ఖాళీ చేసినప్పుడే పోయాయి.

మా పిల్ల ఆ మధ్యాహ్నం ఇరవై మూడు గుల్లలు ఏరి స్లైడ్‌లో అతికించింది. స్లైడ్ చివర చీటీ మీద ఏం రాయాలని అడిగింది. అమోనియా అని రాసి, జాతి దగ్గర ఖాళీ వదిలేయమన్నాను. కింద ఉప్పుటేరు పేరు, ఊరు, తేదీ, నీటి లోతు రాయించాను. "ఖాళీ వదిలేస్తే మా కాలేజీలో మార్కులు వేయరు పెదనాన్నా" అంది. పెన్సిల్‌తో ఒక గీత గీసి ఉంచమన్నాను, తేలినప్పుడు దాని మీద రాసుకోవచ్చని.

అప్పుడు మూత పెట్టి ఫ్యాన్ వేశాం.